క్లచ్ ఎందుకు జారుతుంది? – ఒక గుమాస్తా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటాం. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి తెలిసినవారు ఒకరు చెబుతారు. డి.ఆర్. బకాయిల గురించి ఒకరు, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి మరొకరు మాట్లాడతారు. ఆ తరువాత భోజనాలు. ఈసారి కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మనవాళ్ళలో చాలామందికి కార్లున్నాయి. కొందరికి పిల్లలు కొనిచ్చారు, కొందరు గ్రాట్యుటీ డబ్బుతో కొనుక్కున్నారు. బండి గురించి పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు.

నేను మెకానిక్కును కాను. 36 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి 2009లో రిటైరైనవాణ్ణి. బండ్ల గురించి నాకు తెలిసింది స్వల్పం. క్లచ్ అనే ఒక్క వస్తువు గురించి మాత్రం రెండుసార్లు ఫీజు కట్టి నేర్చుకున్నాను. మొదటిసారి కట్టిన ఫీజు నా జేబులోది కాదు. ఆ సంగతి కూడా ఈ సభలో చెప్పాలనే ఒప్పుకున్నాను. దానికంటె ముందు అసలు క్లచ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో మనవి చేస్తాను.

ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం మనం ఆగమన్నప్పుడు ఆగాలి, కదలమన్నప్పుడు కదలాలి. ఈ రెంటినీ కలపడానికి, విడదీయడానికి మధ్యలో ఒకటి ఉండాలి. మన ఆఫీసుల్లో ఆఫీసరుగారు ఇంజను, సెక్షను చక్రాలు అనుకుంటే, మధ్యనుండే సూపరింటెండెంటుగారే క్లచ్. ఆయన గట్టిగా పట్టుకుంటే ఫైలు కదులుతుంది. ఆయన జారిపోతే పైన ఆఫీసరుగారు ఎంత అరిచినా కింద ఫైలు కదలదు. సూపరింటెండెంట్లుగా రిటైరైనవారు క్షమించాలి. నేనూ చివరి నాలుగేళ్ళు ఆ పని చేసినవాడినే.

వస్తువుగా చెప్పాలంటే, ఇంజను చివర బరువైన ఇనప చక్రం ఉంటుంది. దాన్ని ఫ్లైవీల్ అంటారు. దానికి ఆనుకొని క్లచ్ ప్లేటు ఉంటుంది. మన ఇళ్ళల్లో కంచమంత ఉంటుంది, రెండు వైపులా గరుకు లైనింగు రివెట్లతో బిగించి ఉంటుంది. దాని వెనక ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బలంతో ఆ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టుకుంటుంది. మనం ఎడమ కాలితో పెడలు తొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు వెళ్ళి ఆ స్ప్రింగును నొక్కుతుంది, పట్టు వదులుతుంది. కాలు తీస్తే మళ్ళీ పట్టుకుంటుంది. ఇంతకుమించి అందులో మర్మం ఏమీ లేదు. రెండు ఇనప ముఖాల నడుమ ఒక గరుకు ముఖం, వెనకనుంచి ఒక స్ప్రింగు. ఆ గరుకు అరిగినా, దాని మీద నూనె పడినా, స్ప్రింగు నీరసించినా, స్ప్రింగును పూర్తిగా నొక్కనివ్వకుండా మనమే ఏదో అడ్డం పెట్టినా పట్టు జారుతుంది.

ఇక నా బండి సంగతి. 2010లో నేను 2004 మోడలు మారుతి 800 కొన్నాను, సెకండ్ హ్యాండు. డ్రైవింగు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట. అప్పటిదాకా సైకిలు తప్ప ఎరగను. సైకిలు తొక్కేవాడికి పెడలు మీదనుంచి కాలు తీయడం చేతకాదు. కారులో కూడా నా ఎడమ పాదం ఎప్పుడూ క్లచ్ పెడలు మీదే ఆని ఉండేది. నేర్పిన కుర్రవాడు రెండుమూడుసార్లు చెప్పి విసిగి ఊరుకున్నాడు.

2015 కార్తీకమాసంలో మా ఆవిడ, వదినగారు, వదినగారి మనవడు, నేను మార్కాపురం నుంచి శ్రీశైలం బయలుదేరాం. దోర్నాల చెక్‌పోస్టు దాటి నల్లమల ఎక్కడం మొదలుపెట్టాక ఇంజను చప్పుడు ఒక్కసారిగా పెరిగింది. నేను ఆక్సిలరేటరు తొక్కాను. చప్పుడు ఇంకా పెరిగింది, బండి మాత్రం అదే నడక. ఇంకా తొక్కాను. ఇంజను గొంతు చించుకుంటోంది, బండి నెమ్మదించింది. వెనక ఆర్టీసీ బస్సు హారను. ఇంతలో మా ఆవిడ, "ఏమండీ, ఏదో గుడ్డ కాలిన వాసన వస్తోంది, గొంగడి కాలినట్టుంది" అంది. నేను బయట అడవిలో ఎవరో చెత్త తగలబెట్టారేమో అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆవిడదే నిజం.

తుమ్మలబైలు దగ్గర పక్కకు తీసి ఆపాను. కోతులు వచ్చి బానెట్ మీద కూర్చున్నాయి. అప్పటికి నాకు ఏమీ తెలియదు గనుక ఇంజను వేడెక్కిందనుకొని రేడియేటరు చూశాను. నీళ్ళు నిండుగానే ఉన్నాయి. అరగంట ఆగాక బండి కొంచెం మెరుగుగా కదిలింది. ఇది బాగా గుర్తుంచుకోవలసిన సంగతి: జారే క్లచ్ చల్లబడితే కాసేపు పట్టుకుంటుంది. అది చూసి రోగం నయమైందని ముందుకు పోయేవాళ్ళే నడికొండన ఆగిపోతారు. నాకు తెలివికంటె భయం ఎక్కువ గనుక ఆడవాళ్ళను, పిల్లవాణ్ణి వెనక వస్తున్న బస్సెక్కించి, వట్టి బండిని వెనక్కి తిప్పాను. దిగేటప్పుడు కూడా ఒక విషయం అనుభవానికి వచ్చింది. మామూలుగా చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని కొంత ఆపుతుంది. ఆ ఆపే బలం కూడా క్లచ్ గుండానే రావాలి. పట్టు లేని క్లచ్‌తో ఘాటు దిగేటప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. దోర్నాల చేరేసరికి నా చొక్కా పిండుకోవలసి వచ్చింది.

మర్నాడు ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. అతను బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజు చేసి, "పికప్ పోయింది సార్. ఇంజన్ బోరుకొచ్చింది. దించి బోరు చేయాలి, ఇరవై రెండు వేలవుతుంది" అన్నాడు. ఆ బండికి నేను పెట్టిన ధరలో అది చాలా పెద్ద వాటా. పెన్షనరుకు ఇరవై రెండు వేలంటే ఏమిటో ఈ సభలో చెప్పనక్కరలేదు. అతను మోసగాడో, తెలియనివాడో నేను నిర్ణయించలేను. కాని మనలో ఎవరికైనా ఆ మాట వినబడవచ్చు గనుక తేడా చెబుతాను. ఇంజను నీరసించిన బండిలో ఆక్సిలరేటరు తొక్కితే ఇంజను చప్పుడే పెరగదు, మూలుగుతుంది. క్లచ్ జారిన బండిలో ఇంజను హుషారుగా అరుస్తుంది, బండే కదలదు. చెవులు సరిగా పనిచేస్తే చాలు, యంత్రం అక్కరలేదు. చెవులు పనిచేయని మనబోటివారు పక్కన మనవణ్ణి కూర్చోబెట్టుకోవాలి.

నేను డబ్బు కట్టకుండా వచ్చేసి, మా వీధి చివర చిన్న షెడ్డున్న మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. నా వయసువాడే, నలభై ఏళ్ళుగా ఆ పనే. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు నన్ను ప్రశ్నలు వేశాడు. మైలేజి తగ్గిందా? తగ్గింది, పద్దెనిమిది ఇచ్చేది పద్నాలుగు ఇస్తోంది. ఇంతకుముందు పెడలు కొంచెం ఎత్తగానే బండి కదిలేదా, ఇప్పుడు దాదాపు పూర్తిగా ఎత్తితే గాని కదలడం లేదా? నిజమే, కాని రోజూ కాస్త కాస్తగా మారడంతో నేను గమనించలేదు. మొదట ఏ గేరులో కనబడింది? నాల్గోదాంట్లో, ఎక్కుడులో. "అంతే సార్. చిన్న గేర్లలో ప్లేటు మీద బరువు తక్కువ, అక్కడ దాక్కుంటుంది. టాప్ గేరులో, ఎత్తు మీద, నిండు బండిలో బయటపడుతుంది" అన్నాడు.

తరువాత పరీక్ష పెట్టాడు. చదునైన చోట బండి నిలిపి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం వేసి, ముందర ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాడు. ఇంజను స్టార్టు చేసి, క్లచ్ తొక్కి, నాల్గో గేరు వేసి, కొంచెం ఆక్సిలరేటరు ఇస్తూ పెడలు మెల్లగా వదిలాడు. మంచి క్లచ్ అయితే ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోవాలి. నా బండి ఇంజను ఆగలేదు, సుఖంగా తిరుగుతూనే ఉంది. ఆయన వెంటనే ఆపేశాడు. "ఈ పరీక్ష ఒక్కసారే చేయాలి. పదిసార్లు చేస్తే పరీక్షే ప్లేటును తినేస్తుంది" అన్నాడు.

ముందుగా గేరుబాక్సు దించలేదు. దానికీ ఒక కారణముంది. ఆ బండికి పెడలు నుంచి క్లచ్ దాకా ఇనప కేబుల్ ఉంటుంది. పెడలు తొక్కగానే మొదట కొంతదూరం వట్టిగా, బరువు లేకుండా దిగాలి. దాన్ని వాళ్ళు 'ప్లే' అంటారు. ఎంతుండాలో ఆయా బండి పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ ఆట అసలు లేకపోతే, మనం కాలు పెట్టకపోయినా బేరింగు ఎప్పుడూ స్ప్రింగును కొద్దిగా నొక్కుతూనే ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గుతూ పోతుంది. చిత్రమేమిటంటే ఇక్కడ అందరూ తలకిందులుగా చేస్తారు. బ్రేకు వదులైతే బిగిస్తాం గదా అని, క్లచ్ జారుతుంటే కేబుల్ బిగిస్తారు. బిగించినకొద్దీ ఇంకా జారుతుంది. జారే క్లచ్‌కు కేబుల్ వదులు చేయాలి. నా బండికి సర్వీసింగులో ఎవరో పుణ్యాత్ముడు బిగించి ఉంచాడు. మేస్త్రీ పానాతో నట్టు నాలుగు చుట్లు వదిలి, "నాలుగు రోజులు ఊళ్ళో తిప్పి చూడండి. ఇంతటితో పోతే మీ అదృష్టం" అని డబ్బులు కూడా తీసుకోలేదు.

మూడు రోజులు బాగుంది. నాల్గోరోజు రైల్వే గేటు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే మళ్ళీ అదే అరుపు. ఈసారి గేరుబాక్సు దించక తప్పలేదు. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. పూర్వపు గుమాస్తా బుద్ధి, పని జరుగుతుంటే కళ్ళారా చూడాలి. బ్యాటరీ తీగ తప్పించారు. గేర్ ఆయిల్ వంచారు. ముందు చక్రాలకు పోయే యాక్సిల్ రాడ్లు లాగారు. ఇంజను కింద జాకీ ఆనించి గేరుబాక్సు విడదీసి కిందికి దించారు. కుర్రవాడు నోటితో ఊది దుమ్ము పోగొట్టబోతే మేస్త్రీ వీపు మీద ఒకటి వేశాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిపించాడు. ఇది షెడ్డుకు వెళ్ళే మనకు కూడా వర్తిస్తుంది, దగ్గరగా వంగి చూడకండి.

ప్లేటు చేతికి వచ్చింది. మేస్త్రీ దాన్ని వెలుతురులోకి తిప్పి చూపించాడు. లైనింగు అరిగింది గాని, రివెట్ల తలలు ఇంకా లోపలే ఉన్నాయి. అంటే అరుగుదల ఒక్కటే కారణం కాదు. ఒక వైపు నల్లగా, నిగనిగలాడుతూ, వేలితో తాకితే జిడ్డుగా ఉంది. ఆయన వేలు ముక్కు దగ్గర పెట్టుకొని నన్ను కూడా వాసన చూడమన్నాడు. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, ఇంజను ఆయిల్‌కు ఉండదు. ఇది ఇంజను ఆయిలే. ఇంజను వెనక ఉండే రబ్బరు ఆయిల్ సీలు ఎండి చిట్లింది. అందులోంచి చుక్క చుక్కగా కారి ప్లేటు మీద పడుతోంది.

"ప్లేటు తప్పేం లేదు సార్. ఆయిల్ తాగింది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే ఆరేడు నెలలే. మళ్ళీ దించాలి" అన్నాడు.

అయ్యా, ఆ 'ఆరేడు నెలలు' అన్న మాట వినగానే నాకు షెడ్డు కనబడలేదు. 1987 నాటి ఒక నోట్ ఫైలు కనబడింది.

అప్పట్లో నేను ఒక డివిజను ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. ఏ శాఖ, ఏ ఊరు అన్నది అప్రస్తుతం. జీపు మరమ్మతుల బిల్లులు నా సీటులోనే. 1986లో మా డ్రైవరు, జీపు క్లచ్ జారుతోందని రిపోర్టు పెట్టాడు. షెడ్డు నుంచి ఎస్టిమేటు వచ్చింది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఆయిల్ సీలు, కూలి. నేను ఆ కాగితం ముందు పెట్టుకొని ఎర్ర సిరాతో మూడో ఐటెము కొట్టివేశాను. ఆయిల్ సీలు, రూ. 14-00. మార్జినులో "డ్రైవరు రిపోర్టులో లేదు, క్లచ్ మరమ్మతుకు సంబంధం లేదు" అని రాశాను. మా సూపరింటెండెంటుగారు అది చూసి, "వీడి చేతిలోంచి పైసా జారదు" అని నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

ఏడు నెలల తరువాత ఆఫీసరుగారు ఇన్‌స్పెక్షనుకు వెళ్తుండగా జీపు ఇదే నల్లమల ఘాటులో ఆగిపోయింది. రెండు గంటలు అడవిలో నిలబడి, చివరకు లారీలో వెళ్ళారు. తిరిగివచ్చి ఫైలు పెట్టమన్నారు. నేను పెట్టాను. ఆ నోటు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఏడు నెలల క్రితమే క్లచ్ ప్లేటు మార్చినట్లు రికార్డు వలన తెలియుచున్నది. ఇంత స్వల్పకాలములో మరల మార్చవలసి వచ్చుట డ్రైవరు నిర్లక్ష్యమును సూచించుచున్నది. సంజాయిషీ కోరవచ్చును." మెమో వెళ్ళింది. డ్రైవరు సంజాయిషీ రాసిచ్చాడు. పెద్ద చదువు లేనివాడు, ఒకే ఒక్క వాక్యం. ఆయిల్ సీలు వేయనందున ప్లేటు పాడైనదని. నేను దాని కింద, "డ్రైవరు వాదన సాంకేతికముగా నిరూపితము కాలేదు" అని రాశాను. ఆ వాదన నిజమా కాదా అని ఏ మెకానిక్కునూ నేను అడగలేదు. అడగాలని తోచలేదు. రూ. 640 జీతంలోంచి, నెలకు రూ. 80 చొప్పున ఎనిమిది వాయిదాల్లో రికవరీ చేయమని ఉత్తర్వులయ్యాయి. ఉత్తర్వు డ్రాఫ్టు కూడా నాదే.

మొదటి వాయిదా పట్టిన నెల అతను జీతం తీసుకొని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకొని, నా బల్ల దగ్గర ఆగాడు. "ఆ సీలు పద్నాలుగు రూపాయలే సార్" అన్నాడు. అంతే అని వెళ్ళిపోయాడు. నేను దాన్ని అవిధేయత కింద లెక్కగట్టాను. రాతపూర్వకంగా చర్య తీసుకోకుండా వదిలేయడం నా ఔదార్యమనుకున్నాను. రెండోసారి మరమ్మతులో మాత్రం సీలు వేయించినట్టున్నారు, ఎందుకంటే ఆ జీపు మీద క్లచ్ బిల్లు ఆ తరువాత నా సీటుకు రాలేదు. ఆ సంగతి కూడా నేను అప్పట్లో గమనించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత, చేతికి నూనె జిడ్డంటుకున్నాక గమనించాను.

సరే, షెడ్డు సంగతి ముగించాలి. నా బండికి సీలుతో మొదలుపెట్టారు. ఫ్లైవీలు విప్పి, దాని వెనక ఉన్న సీలు మార్చి, నూనె చుక్క లేకుండా కడిగారు. ఫ్లైవీలు ముఖం మీద నీలి మచ్చలుంటాయి, అవి వేడికి వచ్చినవి. లోతు గీతలు లేవు గనుక ఎమరీ కాగితంతో రుద్ది సరిపెట్టారు. లోతుగా ఉంటే లేతుకు పంపాలి. ప్లేటు ఒక్కటే మారుస్తే చాలదా అని నేను అడిగాను, అలవాటు పోదు గదా. మేస్త్రీ నవ్వి, "గేరుబాక్సు దించిన కూలే ఎక్కువ సార్. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ సెట్టుగా వేసేయండి. బేరింగు మిగిల్చితే వచ్చే ఏడాది దాని కోసం మళ్ళీ ఇదంతా దించాలి" అన్నాడు. ఈసారి నేను ఏ ఐటెమూ కొట్టివేయలేదు. ప్లేటు సరిగ్గా నడిమికి వచ్చేట్టు ఒక దొంగ షాఫ్టు దూర్చి పట్టుకొని, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒకదాని తరువాత ఎదురుదాన్ని, కొద్దికొద్దిగా బిగించారు. ఒకేవైపు బిగిస్తూ పోతే ప్లేటు వంగుతుందట. గేరుబాక్సు ఎక్కించి, కొత్త గేర్ ఆయిల్ పోసి, కేబుల్‌కు ఆట ఇచ్చారు. మొత్తం ఒక పగలు పట్టింది. ఖర్చు ఇరవై రెండు వేలలో మూడో వంతు కూడా కాలేదు.

మీరు షెడ్డుకు వెళ్ళినప్పుడు ఒక్కటే అడగండి: "పాత ప్లేటు చూపించు." రివెట్లు బయటపడేలా అరిగితే అది వయసు. ఒక్క రివెటు తేలినా ఫ్లైవీలును గీసేస్తుంది, ఆలస్యం చేయకూడదు. మాడి, పగిలి, నీలిరంగు తిరిగితే అది మన పాదం. జిడ్డుగా ఉంటే సీలు. మూడూ కూడా కావచ్చు, నా బండిలో కొంచెం కొంచెం అన్నీ ఉన్నాయి. జిడ్డు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకుండా కొత్త ప్లేటు బిగిస్తానన్నవాడి దగ్గర బండి వదలకండి. నూనె తాగిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేస్తామన్నా ఒప్పుకోకండి, లైనింగులోకి ఇంకిన నూనె వేడెక్కినప్పుడు మళ్ళీ పైకి వస్తుంది.

ఈ రోజుల్లో చాలా బండ్లకు కేబుల్ బదులు ఆయిల్ పైపు ఉంటోంది. వాటికి చుట్లు వదిలే నట్టు ఉండదు, ఆట దానంతటదే సర్దుకుంటుంది. మీలో కొందరి పిల్లలు ఎడమ పెడలే లేని బండ్లు కొనిచ్చారు. వాటిలో ఏ.ఎం.టి. అనే రకంలో క్లచ్ లేదనుకోకండి. లోపల అదే ప్లేటు ఉంది, మన కాలికి బదులు ఒక యంత్రం తొక్కుతోంది. ఫ్లైఓవరు ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు ఆక్సిలరేటరు కొంచెం తొక్కి బండిని వెనక్కి జారకుండా నిలబెట్టే అలవాటు మనందరిలో ఉంది. ఆ నిలబడిన ప్రతి క్షణం ప్లేటు కాలుతూనే ఉంటుంది, పెడలున్న బండిలోనైనా, లేని బండిలోనైనా. బ్రేకు పట్టండి, లేదా హ్యాండ్ బ్రేకు లాగండి. లక్ష కిలోమీటర్లు దాటిన ప్లేట్లున్నాయి, ఇరవై వేలకే బూడిదైనవీ ఉన్నాయి.

ఇక చివరి సంగతి. బండి బాగైన పది రోజులకు నేను ఆ డ్రైవరుగారి ఊరు కనుక్కొని వెళ్ళాను. ఆయన పేరు సభలో చెప్పను, ఆయన వద్దన్నారు. అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. వేపచెట్టు కింద మంచం మీద కూర్చొని ఉన్నారు. నన్ను చూసి లేవబోతుంటే నేనే ఆపాను. మా ఆవిడ చేసిన సున్నుండలు ఇచ్చి, కాసేపు ఆరోగ్యాలు మాట్లాడుకున్నాక, జరిగింది చెప్పాను. ఎర్ర సిరా, మార్జిను, సంజాయిషీ కింద నేను రాసిన ముక్క, నా బండి ప్లేటు మీద జిడ్డు, అన్నీ. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. నేను కవరులో రూ. 640 తీసుకువెళ్ళాను. ఇవ్వాలా, ఇస్తే ఆయనను మళ్ళీ అవమానించినట్టవుతుందా అని దారి పొడుగునా ఆలోచించాను. చివరకు చేతిలో పెట్టాను.

ఆయన తీసుకున్నారు. కవరు విప్పి లెక్కపెట్టుకున్నారు. "వడ్డీ లేదా సార్?" అన్నారు. నేను బిత్తరపోయాను. అప్పుడు నవ్వారు. తరువాత కొంతసేపు నవ్వకుండా ఊరుకొని, "ఆ ఎనిమిది నెలలు మా పెద్దదాని ఫీజు మా బావమరిది కట్టాడు సార్. వాడి దగ్గర మాట పడ్డాను" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

టీ తాగాక ఆయన లేచి బండి దగ్గరకు వచ్చారు. "సీలు వేయించారా?" అని అడిగారు. వేయించానన్నాను. తలుపు తీసి, లోపల కూర్చోకుండా వంగి, క్లచ్ పెడలును చేత్తో రెండుసార్లు నొక్కి చూశారు. పెడలు రబ్బరు మీద ఎడమ పక్క అరుగుదలను వేలితో తడిమి, "సార్ కాలు ఇంకా దీని మీదే ఉంటోంది" అన్నారు. ఒప్పుకున్నాను. "ప్లే తక్కువుంది. పానా ఉందా?" అన్నారు. మీరెందుకు, షెడ్డులో చేయించుకుంటాను అంటే వినలేదు. బానెట్ ఎత్తించి, కళ్ళజోడు సరిచేసుకొని, కేబుల్ నట్టు చుట్టున్నర వదిలారు. మళ్ళీ పెడలు నొక్కి చూసి, చేతులు పంచెకు తుడుచుకొని, ఇప్పుడు పొమ్మన్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. భోజనాలు సిద్ధమైనట్టున్నాయి.